టికెట్ల బుక్కు పిలగాని చేతికియ్యకు చెల్లె

చెల్లె, నీ కొడుకు కబడ్డీ టీమును పోటీలకు తోలుడుకు పైసలు తక్కువ పడ్డయని, కాలనీ ఆడోళ్లంత కలిసి లక్కీ డ్రా పెడదామంటున్నరని, "అక్కా, ఇందుల పాపమేమన్న ఉన్నదా" అని అడిగినవు. పాపం సంగతి తర్వాత చూద్దాం. అసలు ఆ టికెట్లు ఎవరి చేత అమ్మిస్తున్నరో ముందు అది చెప్పు.

మన గోదావరిఖనిల లక్కీ డ్రా కొత్తది గాదు. వినాయకుని లడ్డూ వేలంపాట పాడే తాకత్ అందరికీ ఉండదని ఇప్పుడు టికెట్లు అమ్మి చీటి తీస్తున్నరు. దసరా వస్తే "వంద కొట్టు, మేకను పట్టు" అని ఊర్లల్ల బోర్డులు లేస్తయి. మొదటి బహుమతి మేక, తర్వాత మందు సీసా, నాటుకోడి. పోలీసులు వద్దంటనే ఉంటరు, టికెట్లు అమ్ముడుపోతనే ఉంటయి. దాని పక్కన కుక్కరు, మిక్సీ, టేబుల్ ఫ్యాను పెట్టి పిల్లల కోసమని తీసే డ్రా మస్తు పద్ధతిగ కనవడ్తది. అందుకే ఎవ్వరూ కాదనరు.

లాభాల పైసలు చేతికొచ్చే టైము చూసే పెడ్తరు. 2024 దసరాకు ముందు సింగరేణి బొగ్గు కంపెనీ లాభాల వాటా కింద 796 కోట్లు కార్మికులకు ప్రకటించింది. కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారి తలా 5 వేలు అన్నది. అటు లక్షలు, ఇటు 5 వేలు. టికెటు మాత్రం రెండిండ్లకూ యాభై రూపాయలే. క్వార్టర్ల ఉండే పర్మినెంటోళ్లకు యాభై లెక్కల్నే ఉండదు. ఓపెన్‌కాస్టుల కాంట్రాక్టు పనికి పోయేటోళ్ల ఇంట్ల అది పూట కూరగాయల పైసలు. స్కూలు బట్టల మీద పిలగాడు గడపల నిలబడి "ఆంటీ, ఒక్కటన్న తీస్కోండ్రి" అంటే, ఇంటాయన నైట్ షిఫ్ట్ చేసొచ్చి పండుకున్నడని మెల్లగ మాట్లాడుకుంటనే ఆ తల్లి పోపు డబ్బా మూత తీస్తది. అది ఇష్టంతోటి ఇచ్చిందా, మొహమాటంతోటి ఇచ్చిందా?

ఇగ నువ్వడిగిన పాపం సంగతి. మా వాడల ఒక ముస్లిం ఆపా ఉంటది. పోయినసారి ఆమె ఇంటికి బుక్కు పోతే వంద రూపాయలు ఇచ్చి, చింపిన టికెట్లు రెండు మళ్ల పిలగాని జేబుల పెట్టింది. "పైసలు పిల్లలకు బేటా, చీటీలు నాకొద్దు" అన్నది. బహుమతి తగుల్తే తీసుకోవద్దు, తీసుకోకపోతే నలుగురికీ కష్టం. ఆ లొల్లే లేకుంట చేసుకున్నది. ఖురాన్‌ల రెండో సూరా 219వ ఆయత్ మందును, జూదాన్ని కలిపి చెప్తది: వాటిల్ల జనానికి కొంత లాభమున్నది గాని పాపమే పెద్దదని. ఆ లాభమేందంటే, అప్పటి అరబ్బులు ఒంటెను కోసి బాణాలతోటి చీటీలేసి వాటాలు తేల్చేటోళ్లు, గెలిచినోళ్లు ఆ మాంసాన్ని పేదోళ్లకు పంచేటోళ్లని వ్యాఖ్యానకర్తలు చెప్తరు. చూసినవా, "మంచి పనికే గదా" అన్న మాట వాళ్లు ఎప్పుడో అన్నరు. అయినా వద్దనే అయ్యింది.

చర్చిల సంగతికొస్తే అందరిదీ ఒక్క తీరు గాదు. క్యాథలిక్కులు చీటి తీసుడే తప్పనరు, మనిషి తన అవసరాలకు, ఇతరుల అవసరాలకు కావాల్సిన పైసలు అందుల పోగొట్టుకుంటే తప్పంటరు. ఈ మాట నాకు నచ్చింది, కాంట్రాక్టోళ్ల ఇంటి యాభై రూపాయలకు సరిగ్గ అతుకుతది. మెథడిస్టులైతే ఇంకా గట్టోళ్లు. మెదక్ పెద్ద చర్చి 1924ల కట్టి పూర్తిచేసిన మిషను వాళ్లదే. చర్చి కోసమైనా సరే రాఫిల్, అంటే ఇట్లాంటి టికెట్ల డ్రా, వద్దని వాళ్లు చాన ఏండ్లు పట్టుబట్టిన్రు.

ఇగ మనోళ్లు. ధర్మరాజు కథ నీకు నేను చెప్పాల్నా! మనువు రాజ్యంల జూదమే ఉండొద్దన్నడు. కౌటిల్యుడు మాత్రం లెక్కల మనిషి, ఒక్కతాన కూసోబెట్టి ఆడనియ్యుండ్రి, గెలిచిన దాంట్ల నూటికి ఐదు ఖజానాకు పట్టుండ్రి అన్నడు. 1967 సంది లాటరీ నడుపుతున్న కేరళ సర్కారు కౌటిల్యుని తొవ్వ పట్టింది. తమిళనాడు చాన ఏండ్లు నడిపి 2003ల బంద్ చేసి మనువు దిక్కు మళ్లింది.

చట్టం మాట గూడ విను. 1998 లాటరీల చట్టం ప్రకారం లాటరీ నడిపేది రాష్ట్ర ప్రభుత్వాలే. అనుమతి లేకుంట లాటరీ తీసే జాగ పెడితే భారతీయ న్యాయ సంహిత 297 సెక్షన్ కింద ఆర్నెల్ల దాకా జైలుండొచ్చు. పైసలు తీసుకున్నరు, చీటి తీసిన్రు, వస్తువు ఇచ్చిన్రు అంటే అది లాటరే, పేరు లక్కీ డ్రా అయినా. కుక్కరు డ్రాకు పోలీసులొస్తరా అంటవు. రాకపోవచ్చు. కానీ డ్రా కమిటీల నీ పేరుంటది, రశీదు మీద నీ ఫోన్ నంబరుంటది.

నాకు దేవుని కోపం కన్నా, పోలీసుల కన్నా ఎక్కువ గుబులు పిల్లల గురించే. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2017ల్నే ఆపింది, ఆన్‌లైన్ పైసల గేములన్నిటినీ బంద్ చేస్తూ 2025ల కేంద్రం చట్టం తెచ్చింది. అయినా ఏ ఇంట్ల చూసినా పిలగాని ఫోన్ల ఏ బెట్టింగ్ యాప్ దాగున్నదో అని తల్లులకు భయమే. ఆ పిలగానికే మనం బుక్కు ఇచ్చి "యాభై పెడితే మిక్సీ రావచ్చు ఆంటీ" అని అమ్ముడు నేర్పిస్తున్నం. ఎక్కువ బుక్కులు అమ్మినోనికి స్కూల్ల చప్పట్లు గూడ. అమ్మలేనోడు తండ్రి జేబుకెల్లి పైసలు పెట్టి బుక్కు నింపి తెస్తడు. ఇంట్ల లేనోడు ఏం చెయ్యాలె?

డ్రా పెడితే ఎక్కువ పైసలొస్తయన్న మాట నిజమే. చందా అడిగితే ఇరవై ఇచ్చే చెయ్యి మిక్సీ ఫొటో చూస్తే వంద ఇస్తది. కానీ లెక్కేసి చూడు. ఐదు వందల టికెట్లు యాభై చొప్పున అమ్మితే 25 వేలు. బహుమతులకు 9 వేలు, టికెట్లు అచ్చేసుడుకు, మైకుకు 2 వేలు పోతే మిగిలేది 14 వేలు. ఆ 11 వేలు పిల్లల పేరు మీద వసూలు చేసి దుకాణపోళ్లకు కట్టినట్టే గదా. మిక్సీ ఎవరికి తగుల్తదంటవు? ఇంట్ల ఇదివరకే రెండున్నోళ్లకు!

చందానైతే చందా అనే అడుగుండ్రి. లాభాల వాటా వచ్చినోళ్ల దగ్గరికి పెద్దోళ్లే పోవాలె, పిల్లలను తోలొద్దు. కాంట్రాక్టోళ్ల గడప ఎక్కొద్దు. వాళ్లంతట వాళ్లిస్తే కండ్లకద్దుకోండ్రి. ఎవరెంత ఇచ్చిన్రో బోర్డు మీద రాయొద్దు, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయ్యింది మాత్రం పైసతో సహా రాయుండ్రి. తక్కువ పడితే ఆదివారం సాయంత్రం గ్రౌండుకాడ తిండి స్టాలు పెట్టుండ్రి. సర్వపిండి, గారెలు, సకినాలు. యాభై ఇచ్చినోని చేతిల యాభై రూపాయల తిండి ఉంటది, ఆపా గూడ వచ్చి కొంటది. సకినాల బియ్యం నానబోసుడు, పిండి పట్టిచ్చుడు నా వంతు. నూనె మాత్రం మీ కమిటీదే, ఇప్పుడే చెప్తున్న.