చీరను తిరగేసి చూసినట్టు

మా తమ్ముడి కొడుకుకు పెనుకొండ దగ్గర ఉద్యోగం. ఇంట్లో ఉన్న ఒక్క కారూ పొద్దున్నే వాడితోనే వెళ్ళిపోతుంది. ఇక్కడ ధర్మవరంలో వాళ్ళమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలన్నా, పిల్లల్ని బడి నుంచి తేవాలన్నా, మగ్గాల ఇళ్ళకు పట్టు చేర్చాలన్నా ఆటో కోసం ఎదురుచూడాల్సిందే. "రెండు లక్షల లోపు పాత బండి ఒకటి చూడు పెద్దనాయనా" అని మొన్న అడిగాడు. నలభై ఏళ్ళు పట్టు చీరల వ్యాపారం చేశాను. ఆ కాలంలో అయిదు కార్లు కొన్నాను, అయిదూ ఒకరు వాడినవే. వాడికి చెప్పిన మాటలు వాడి ఈడు పిల్లలందరికీ పనికొస్తాయని రాస్తున్నాను.

1. ఏ బండి అన్నది తర్వాత. అది తిరిగే దారి ముందు చెప్పు.

వారం రోజుల పాటు ఎక్కడికి పోయారు, ఎంతమంది పోయారు, ఎంత దూరం అన్నది కాగితం మీద రాయమన్నాను. వాడు రాసుకొచ్చిన లెక్కలో ఏ రోజూ పదిహేను కిలోమీటర్లు దాటలేదు. నెలకొకసారి అనంతపురం ఆసుపత్రి. బెంగళూరుకు పోవాలంటే వాడి పెద్ద బండి ఉండనే ఉంది. ఇంత తక్కువ తిరిగే ఇంటికి డీజిల్ వద్దు. రెండు లక్షల్లో దొరికే డీజిల్ బండి అప్పటికే చాలా దూరం తిరిగి అలసిపోయి ఉంటుంది. ఇంజెక్టరో టర్బోనో పోయిందంటే ఆ ఒక్క రిపేరుకే బండి ధరలో పెద్ద భాగం పోతుంది. చిన్న పెట్రోలు కారు చాలు.

2. కారు కంటే ముందు మెకానిక్‌ను చూసుకో.

మన జిల్లాలోనే, పెనుకొండ మండలం ఎర్రమంచిలో, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. మన నేల మీద ఇంత పెద్ద ఫ్యాక్టరీ వస్తుందని మా తరం అనుకోలేదు, చూస్తే సంతోషమే. కానీ మన వీధి చివర షెడ్డులో పని చేసే మనిషి చేయి ఆల్టో మీద, వ్యాగన్ ఆర్ మీద, పాత శాంత్రో మీద తిరిగిన చేయి. మారుతి 800 మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చింది, 2014లో ఆగింది. ముప్పై ఏళ్ళు ఆ ఇంజను విప్పి బిగించిన అలవాటు తండ్రి నుంచి కొడుక్కు వచ్చింది. 800లో ఉన్న 796 సీసీ ఇంజను కుదురే ఆల్టోలోనూ కొనసాగింది. అందుకే నేను మోడలు ఎంచుకునే ముందు మా మెకానిక్‌ను అడుగుతాను, "ఏ బండి అయితే నువ్వు బెంగళూరుకు ఫోన్ చేయకుండా బాగు చేస్తావు?" అని. "సామాను అనంతపురంలోనో హిందూపురంలోనో దొరికేది తీసుకోన్నా. లేదంటే బండి నా షెడ్డులో ఉంటాది, నువ్వు ఆటోలో ఉంటావు" అన్నాడు ఒకసారి. రోజూ వాడే బండికి ఇంతకంటే మంచి కొలత నాకు తెలియదు.

3. తిరగేసి చూడు.

మన ఊరి చీరను తెలిసినవాడు ముందు వైపు చూసి కొనడు. కొంగు ఎంత మెరిసినా మడత విప్పి, తిరగేసి, వెనుక వైపు జరీ పోగులు ఎలా నడిచాయి, తెగిన పేక ఎక్కడ అతికారు, ముడి ఎక్కడ పడింది అని వేలు పెట్టి చూస్తాడు. నేత నిజం వెనక ఉంటుంది. కారు కూడా అంతే. పాలిష్ కొట్టిన బోనెట్ ఎవడైనా చూపిస్తాడు.

పొద్దున్నే పో. చల్లబడ్డ ఇంజనే నిజం చెబుతుంది. స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది. తెల్ల పొగ వేడెక్కినా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. బోనెట్ మీద చెయ్యి పెట్టు, మనం రాకముందే వేడి చేసి ఉంచితే తెలిసిపోతుంది. తలుపుల అంచు రబ్బరు లాగి చూడు. కంపెనీ వేసిన వెల్డింగ్ చుక్కలు వరసగా గుండ్రంగా ఉంటాయి, టింకరింగ్ చేసిన చోట ఆ వరస తప్పుతుంది. ఎండలో పక్క నుంచి చూస్తే పుట్టీ పెట్టిన చోట రంగు అలలుగా కనిపిస్తుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. మీటరు నలభై వేల కిలోమీటర్లు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే పెడల్ మాటే నమ్ము.

మన సీమ ఎండకు ఇనుము అంతగా తుప్పు పట్టదు. రబ్బరు మాత్రం బతకదు. కాబట్టి ఇక్కడే తిరిగిన బండి అయితే అడుగు భాగం కంటే బుష్‌లు, బెల్టులు, పెట్రోలు పైపులు ఎక్కువసేపు చూడాలి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. పాత బండ్లు దాని కోసం తయారైనవి కావు, ఎండిన పైపును ఆ పెట్రోలు త్వరగా పాడు చేస్తుంది. సముద్రపు ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చిన బండి అయితే లెక్క తిరగబడుతుంది, అప్పుడు జాక్ మీద లేపి అడుగంతా చూడు.

రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయించు. మన ఊళ్ళో చాలామంది కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోస్తారు. మన బోరు నీళ్ళు ఎంత గట్టివో బిందె అడుగున పేరుకునే తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ కడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ట్రాఫిక్‌లో ఏసీ వేసినప్పుడు బండి పొంగేది అందుకే. లోపల పచ్చగానో ఎర్రగానో తేటగా ఉంటే సరే, తుప్పు రంగు బురద ఉంటే ధరలో రేడియేటర్ ఖర్చు తగ్గించి అడుగు.

4. నీళ్ళలో మునిగిన బండిని ఉచితంగా ఇచ్చినా తేవద్దు.

2022 సెప్టెంబరులో బెంగళూరులో అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కార్లు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకు వీధులే మునిగాయి. ఆ బండ్లన్నీ తుక్కుకు పోలేదు. కొన్ని కడిగి, సీటు కవర్లు మార్చి, దూరపు ఊళ్ళకు అమ్ముతారు. వైర్ల కీళ్ళలో చేరిన తడి నెలల తర్వాత బయటపడుతుంది. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడు, బురద గీత అక్కడ దాగి ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ తీసి కింద తడుము. సీటు పట్టాల మీద తుప్పు చూడు.

5. కాగితానికీ వెనుక వైపు ఉంటుంది.

ఇక్కడ నేను దెబ్బతిన్నాను, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను. 2011లో బెంగళూరులో ఒక బ్రోకరు దగ్గర కర్ణాటక నంబరు బండి కొన్నాను. అప్పు తీరిపోయిందని ఒక ఉత్తరం చూపించాడు, నమ్మి డబ్బు మొత్తం ఇచ్చేశాను. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉంది. దాన్ని తీసేయించే ఫారం 35 నా చేతికి రాలేదు. బ్రోకరు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ బండిని నా పేరుకు మార్చుకోవడానికి ఎనిమిది నెలలు తిరిగాను. ఆ ఎనిమిది నెలలూ రోడ్డు మీద పోలీసును చూస్తే గుండె దడ.

కాబట్టి నాయనా, ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే ఫారం 35, వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ కోసం ఫారం 28, ఇవి చేతిలో పడేదాకా కొంత డబ్బు నీ దగ్గరే ఉంచుకో. ఆర్‌సీ నంబరు పరివాహన్ యాప్‌లో కొట్టి చూస్తే ఫైనాన్స్ ఉందో లేదో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకానో కనిపిస్తుంది. చలాన్లూ చూసుకో.

కేఏ నంబరు బండి చవక అని మనవాళ్ళు ఎగబడతారు. ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే మన రాష్ట్రంలో మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం కలిపి చూస్తే చాలాసార్లు ఏపీ బండే చవక. ఏపీ 39 సిరీస్ 2019లో వచ్చింది, కాబట్టి మన పాత ఏపీ 02 నంబరు ఉందంటే ఆ బండి అంతకు ముందుదే. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్ళు. అది దాటిన కారు రిన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5 వేలకు పెరిగింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. పదమూడేళ్ళ బండి కొనేవాడు ఆ రోజును ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.

ఇన్సూరెన్సును 14 రోజుల్లో నీ పేరుకు మార్పించుకో. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ నీకు రాదు. నువ్వు నీ బండి అమ్మే రోజు వస్తే కూడా ఇది గుర్తుపెట్టుకో: చేతులు మారినా పేరు మారని ఒక కారు ప్రమాదం కేసులో, రిజిస్టరులో పేరున్న మొదటి మనిషే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

6. ఉన్న డబ్బంతా బండికే పెట్టొద్దు.

రెండు లక్షలుంటే లక్షా అరవై వేల బండి చూడు. మిగతా నలభై వేలు మొదటి నెలలోనే ఖర్చవుతాయి. ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిలు మార్చు, పాత యజమాని నిన్ననే మార్చానన్నా సరే. ఆల్టో 800, పాత శాంత్రో ఇంజన్లలో టైమింగ్ బెల్ట్ ఉంటుంది. అది ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే వెంటనే మార్పించు. నడుస్తుండగా తెగితే వాల్వులు వంగి ఇంజను విప్పాల్సి రావచ్చు. 2010 నుంచి వచ్చిన వ్యాగన్ ఆర్ కె సిరీస్ ఇంజనులో చైన్ ఉంటుంది, ఆ బాధ తక్కువ.

7. బండి మీద ఆశ లేని మనిషిని వెంట తీసుకుపో.

కొనాలని పోయినవాడి కళ్ళు సగమే పని చేస్తాయి. రంగు నచ్చిన తర్వాత లోపం కనిపించదు. నాలుగేళ్ళ కిందట నేనొక తెల్ల కారుకు అడ్వాన్స్ ఇవ్వబోతుండగా మీ పెద్దమ్మ వెనక తలుపు తీసింది. కింద పరచిన కార్పెట్ ఒక మూల లేపి, వేళ్ళతో నలిపి, వాసన చూసింది. రంగు అద్దిన పట్టు కండె సరిగా ఆరిందో లేదో ఆమె చిన్నప్పటి నుంచి అలాగే చూస్తుంది. "ఇది తడిసి ఆరింది" అంది. నేను, మెకానిక్కు, ఇద్దరం ఇంజను చుట్టూ గంటసేపు తిరిగినా అది మాకు తట్టలేదు.

నువ్వు చెప్పిన ఆ హిందూపురం ఆల్టోను ఆదివారం పొద్దున ఏడింటికల్లా చూద్దాం. మీ పెద్దమ్మ కూడా వస్తానంది. మేం వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దని ఆ బండి యజమానికి శనివారం రాత్రే ఫోన్ చేసి చెప్పు.