స్నానాల గదిలో కనిపించని విషం: గ్యాస్ గీజరు నుండి కరెంటు గీజరుకు



చలికాలంలో వేడినీళ్ళ స్నానం అందరికీ ఇష్టమే. ముఖ్యంగా పసిపిల్లలకు, బాలింతలకు, కీళ్ళనొప్పులున్న పెద్దలకు అది అవసరం కూడా. అయితే ఆ నీళ్ళను ఎక్కడ, దేనితో కాస్తున్నామనేది ప్రాణానికి సంబంధించిన సంగతి. ఈ నెల పాఠంలో దానిని తెలుసుకుందాం.

ప్రమాదం ఎలా వస్తుంది?

గ్యాస్ మండాలంటే ఆక్సిజన్ కావాలి. గాలి బాగా ఆడే చోట గ్యాస్ పూర్తిగా మండుతుంది. తలుపు గడియ పెట్టిన చిన్న స్నానాల గదిలో గీజరు మండుతూ ఉంటే, కొద్ది నిమిషాల్లోనే ఆక్సిజన్ తగ్గిపోతుంది. అప్పుడు గ్యాస్ సగం సగం మండి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. సిలిండరు లీకైతే మనకు తెలిసిపోతుంది, ఎందుకంటే వంటగ్యాస్‌లో ఘాటైన వాసన వచ్చే పదార్థాన్ని కంపెనీవారు కావాలనే కలుపుతారు. మండిన తరువాత పుట్టే ఈ విషానికి అలాంటి హెచ్చరిక ఏదీ ఉండదు. "వాసన రాలేదు కాబట్టి గ్యాస్ వల్ల కాదు" అనుకోవడం పెద్ద పొరపాటు.

మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. కార్బన్ మోనాక్సైడ్ దానిని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటు దొరకదు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, కానీ మెదడుకు, గుండెకు ఆక్సిజన్ అందదు.

గుర్తులు

మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్ళలో సత్తువ లేకపోవడం కనిపిస్తాయి. లేచి తలుపు తీద్దామనుకునే లోపే స్పృహ తప్పవచ్చు. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. మన దేశంలో వైద్యులు దీనికి "గ్యాస్ గీజర్ సిండ్రోమ్" అనే పేరు పెట్టారు. ఇంట్లోవాళ్ళు మాత్రం మూర్ఛరోగమనో, గుండెపోటనో, నీరసమనో అనుకుంటారు. గర్భిణులు, పసిపిల్లలు, రక్తహీనత ఉన్నవారు, గుండెజబ్బు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. తల్లికి కొద్దిగా తల తిరిగినా, కడుపులో బిడ్డకు ఎక్కువ హాని జరగవచ్చు.

ఎవరైనా పడిపోతే

1. తలుపు తెరిచి, వారిని వెంటనే బయట గాలిలోకి తీసుకురండి. మీరు ఆ గదిలో నిలబడకండి. వీలైతే గ్యాస్ ఆపండి.
2. 108కి ఫోన్ చేయండి.
3. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే, నేర్చుకున్నవారు వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి.
4. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో నీళ్ళు పోయడం వద్దు.
5. ఆసుపత్రికి రాగానే "స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంది" అని చెప్పండి. ఈ ఒక్క మాట వైద్యానికి దారి చూపిస్తుంది. ఎందుకంటే, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఈ విషాన్ని గుర్తించలేక, అంతా బాగున్నట్టే అంకె చూపించవచ్చు.

మామూలు గాలిలో ఈ విషం రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 4 నుండి 6 గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగమవుతుంది. అందుకే "లేచి కూర్చున్నాడు కదా" అని ఇంటికి తీసుకుపోవద్దు. కొందరికి కొన్ని రోజుల తరువాత మతిమరుపు, నడకలో తేడా రావచ్చు. మళ్ళీ చూపించుకోవాలి.

ఏమి మార్చుకోవాలి?

అన్నిటికంటే మంచిది కరెంటు గీజరు. దానిలో మంట లేదు, కాబట్టి ఈ విషం పుట్టదు. "కరెంటు బిల్లు ఎక్కువవుతుంది" అని చాలామంది భయపడతారు. లెక్క చూద్దాం. 20 లీటర్ల బకెట్ నీళ్ళను 25 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు వేడి చేయడానికి యూనిట్‌లో మూడోవంతు కంటే కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. నలుగురు స్నానం చేస్తే సుమారు ఒకటిన్నర యూనిట్లు. గీజరును రోజంతా వేసి ఉంచకుండా, స్నానానికి ముందు వేసి, తరువాత ఆపితే చాలు.

కరెంటుకూ తన జాగ్రత్తలు ఉన్నాయి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న గీజరు కొనండి. దానికి 16 ఆంప్స్ మూడు పిన్నుల సాకెట్టు, సరైన ఎర్తింగు ఉండాలి. కరెంటు లీకైతే వెంటనే ఆగిపోయే స్విచ్చును ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ బోర్డులో పెట్టించండి. స్విచ్చు ఆపిన తరువాతే స్నానానికి దిగండి. బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్డు వాడేవారు, ప్లగ్గు తీయకుండా నీళ్ళలో చెయ్యి పెట్టి చూడకూడదు. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

వెంటనే మార్చుకోలేని వారు గ్యాస్ గీజరును, సిలిండరును స్నానాల గది బయట, బాగా గాలి ఆడే చోట పెట్టించి, పైపు ద్వారా వేడినీళ్ళు లోపలికి తెచ్చుకోండి. అంతవరకు బకెట్లు నింపుకొని, గీజరు ఆపి, గది తలుపు తెరిచి గాలి ఆడనిచ్చి, ఆ తరువాతే స్నానం చేయండి. చలి అని, దోమలని వెంటిలేటరుకు అట్టముక్కలు, గుడ్డలు అడ్డం పెట్టకండి.

బాలింత గదిలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. కుంపటిలోనూ ఇదే విషం పుడుతుంది. తల్లీబిడ్డలకు వెచ్చదనం కావాలంటే మందపాటి దుప్పటి, టోపీ, తల్లి ఒడి చాలు.

హాస్టళ్ళకు, గెస్ట్ హౌసులకు మేడమీద సోలార్ వాటర్ హీటరు, మబ్బు రోజులకు తోడుగా కరెంటు ఏర్పాటు బాగుంటుంది. పాస్టరేటు కమిటీలు దీనిని ఆలోచించాలని కోరుతున్నాం. మనకు వచ్చే కరెంటులో చాలా భాగం ఇప్పటికీ బొగ్గుతోనే తయారవుతుంది. అయినా మన స్నానాల గదిలో మాత్రం మంట ఉండదు. సొంత ఇల్లు ఉన్నవారు 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మేడమీద సోలార్ పలకలు పెట్టించుకుంటే, ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. అప్పుడు కరెంటు కూడా పొగ లేనిదే అవుతుంది.

ఇంటిల్లిపాదీ కలిసి ఆలోచించండి

• మన గీజరు ఎక్కడ ఉంది? దానికి గాలి ఎక్కడినుండి వస్తుంది?
• స్నానానికి వెళ్ళినవారు ఆలస్యమైతే తలుపు కొట్టి పిలుస్తున్నామా?
• బయటినుండి తెరవగలిగే గడియ ఉందా?
• అద్దె ఇంట్లో ఉంటే, ఇంటివారితో ఈ సంగతి మాట్లాడామా?

ఈ పాఠం చదివినవారు పక్కింటివారికి కూడా చెప్పండి. దేవుడిచ్చిన ఊపిరిని కాపాడుకోవడం మన బాధ్యత. ఆయన మీ ఇళ్ళను క్షేమంగా కాపాడును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరపున