ఇసుక వెతుక్కుంటూ దిగిన తల్లి

ఈపురుపాలెం

మనవరాలికి,

మొన్న రాత్రి నువ్వు బాపట్ల నుంచి ఫోను చేసి, హాస్టలు వెనక సరుగుడు తోపులో ఊసరవెల్లి నేల మీద నడుస్తూ కనిపించిందనీ, కుక్కలు పీకేస్తాయని అట్టపెట్టెలో వేసి గదికి తెచ్చామనీ, దాని పొట్ట ఉబ్బి ఉందనీ, పెట్టిన మిడతను ముట్టుకోవడం లేదనీ గుక్క తిప్పుకోకుండా చెప్పావు. తెల్లారగానే దొరికిన చోటే వదిలేసి రమ్మని తాతయ్య ఒక్క మాటే అన్నాడు. వదిలి వచ్చావు, సంతోషం. కానీ ఫోను పెట్టేసే ముందు నువ్వడిగిన మాట అలాగే ఉండిపోయింది. "మనమే దగ్గరుండి పురుడు పోసి, పిల్లలయ్యాక తోపులో వదిలితే తప్పేంటి తాతయ్యా?" ఆ ప్రశ్నలో ఉన్న జాలి మంచిదే. జవాబు మాత్రం ఫోనులో తేలేది కాదు.

ముందు అసలు మనిషిని గుర్తుపట్టాలి కదా. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మన సామెత. తొండ ఎంత ముదిరినా తొండే. దాని వేళ్ళు విడివిడిగా ఉంటాయి, అలికిడైతే చాలు రివ్వున పరిగెత్తుతుంది. ఊసరవెల్లి వేళ్ళు ఒక పక్క రెండు, ఒక పక్క మూడు అతుక్కుపోయి, పట్టకారులా కొమ్మను బిగించి పట్టుకుంటాయి. తోక అయిదో చెయ్యి. రెండు కళ్ళూ రెండు దిక్కులకు తిరుగుతాయి, నాలుక ఒంటి పొడుగును మించి సాగుతుంది. ప్రపంచంలో రెండు వందలకు పైగా ఊసరవెల్లి జాతులుంటే వాటిలో దాదాపు సగం మడగాస్కర్ దీవిలోనే ఉన్నాయి. మన దేశం మొత్తానికి ఉన్నది ఒక్కటే జాతి. 1768లో లారెంటి అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త సింహళం పేరు కలిపి దానికి కమీలియో జైలానికస్ అని పేరు పెట్టాడు. తోకతో కలిపి అడుగు పైచిలుకు పొడుగుంటుంది. ఒక అడుగు వేయడానికి ముందు రెండు సార్లు ఊగుతుంది, గాలికి కదిలే ఆకులాగా.

అంత నెమ్మదిగా నడిచే జీవి, పుట్టింది మొదలు కొమ్మల మీదే బతికే జీవి, కుక్కలూ కాకులూ తిరిగే నేల మీదికి ఎందుకు దిగినట్టు? దారి తప్పి కాదమ్మా. నెలలు నిండి.

చీరాల నుంచి బాపట్ల దాకా మన నేల సంగతి నీకు తెలిసిందే. సముద్రం పక్కన సరుగుడు తోపులు, జీడిమామిడి తోటలు, వేరుశనగ చేలు, ఎక్కడ తవ్వినా జారిపోయే ఇసుక. పైన ఎండకు కాలే ఆ ఇసుకే జానెడు లోతున చల్లగా, తడిగా ఉంటుంది. ఊసరవెల్లికి కావలసింది ఆ తడి ఇసుకే. గుడ్లు పెట్టే రోజు దగ్గరపడ్డ ఆడది తిండి తగ్గిస్తుంది, ఒక చోట నిలవదు, కొమ్మ దిగి తిరుగుతుంది, అక్కడక్కడ గీరి చూస్తుంది. పక్కలు ఉబ్బి, చర్మం కింద గుడ్లు గోలీల్లా తెలుస్తాయి. నువ్వు జబ్బు అనుకున్నవన్నీ పురిటి లక్షణాలు.

పెట్టెలో పెట్టాక నల్లబడిపోయిందని కూడా అన్నావు. ఊసరవెల్లి దాక్కోవడానికే రంగు మారుస్తుందని మనం అనుకుంటాం, అది సగమే నిజం. చలికి ఎండ పట్టడానికి నల్లబడుతుంది, భయానికి నల్లబడుతుంది, ఎదుటి ఊసరవెల్లితో రంగులతోనే మాట్లాడుతుంది. చాలా జాతుల్లో చూలుతో ఉన్న ఆడది ముదురు రంగు వేసి, దగ్గరకు రావద్దని మగదానికి చెబుతుంది. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు మడగాస్కర్ ఊసరవెల్లి చర్మాన్ని పరిశీలించి, అందులో కంటికి ఆనని స్ఫటికాలు వరసల్లో ఉంటాయనీ, ఆ వరసల ఎడం మారితే రంగు మారుతుందనీ తేల్చారు. పోగుల ఎడం మారితే గుడ్డ మెరుపు మారడం మగ్గం మీద చూసిన తాతయ్యకు ఆ సంగతి చదివినప్పుడు ఎంతో ముచ్చటేసింది.

ఇక తాతయ్య చెప్పుకోవాల్సిన సంగతి. నీకంటే చిన్న వయసులో, గుంట మగ్గం దగ్గర కండెలు అందించే రోజుల్లో, వేరుశనగ చేలో ఇలాంటి పొట్టతోనే ఒకటి కనిపించింది. కాపాడుతున్నాననుకుని ఇంటికి తెచ్చి, పందిరి కింద కోళ్ళ గంప బోర్లించి అందులో పెట్టాడు. పూటకు పది మిడతలు పట్టి తెచ్చాడు, కొబ్బరి చిప్పలో నీళ్ళు పెట్టాడు. అది చిప్ప వంకే చూడలేదు. రాత్రీ పగలూ గంప అంచు వెంట తిరుగుతూ దిమ్మిసతో గట్టిగా కొట్టిన ఆ నేలను ముందు కాళ్ళతో గీరుతూనే ఉంది. మూడో రోజుకు కళ్ళు గుంటలు పడ్డాయి. గోళ్ళు అరిగి నేల మీద సన్నని గీతలు మిగిలాయి, అంతే. అయిదో రోజు పొద్దున గంప ఎత్తితే పక్కకు ఒరిగిపోయి ఉంది. పాతిపెట్టడానికి చేతిలోకి తీసుకుంటే పల్చని చర్మం కింద గుడ్లన్నీ వేళ్ళకు తగిలాయి. "చూలాలిని తెచ్చి చోటు లేకుండా చేశావురా" అని తాతయ్య నాయనమ్మ అంది. తిట్టలేదు, అంతే అంది. ఆ మాట ఇప్పటికీ తాతయ్య చెవిలోంచి పోలేదు.

దానికి కోళ్ళ గంపలో ఏం తక్కువైందో తర్వాత చాలా ఏళ్ళకు చదివి తెలుసుకున్నాడు. తవ్వుకునే చోటు లేకపోతే ఊసరవెల్లి గుడ్లను లోపలే బిగబడుతుంది. గడువు దాటితే అవి బయటికి రావు, తల్లి ప్రాణమే పోతుంది. నీళ్ళు చాలకపోయినా, సున్నం తగ్గినా అదే ప్రమాదం. గుడ్డు పెంకుకు కావలసిన సున్నాన్ని అది తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది, ఆ సున్నం మళ్ళీ ఒంటపట్టాలంటే నేరుగా ఎండ తగలాలి. గిన్నెలో కదలకుండా ఉన్న నీళ్ళు సాధారణంగా దానికి నీళ్ళలా కనబడవు. ఆకు మీది మంచు బొట్టు, వాన చుక్క నాకి బతుకుతుంది. చిప్ప పక్కనే దాహంతో ఉండిపోవడం అందుకే.

చట్టం ఒప్పుకునే దేశాల్లో యెమెన్, మడగాస్కర్ జాతుల ఊసరవెల్లుల్ని పెంచేవాళ్ళున్నారు. వాళ్ళు చూలుతో ఉన్నదానికి అడుగు లోతున తడి ఇసుక పోసిన తొట్టి పెట్టి, చుట్టూ గుడ్డ కప్పి, తొంగి కూడా చూడరు. ఎవరో చూస్తున్నారని తెలిస్తే సగం తవ్విన గుంటను వదిలేసి వెళ్ళిపోతుంది. ఇన్ని జాగ్రత్తలు తెలిసినవాళ్ళ దగ్గర కూడా అడవి నుంచి పట్టి తెచ్చిన చూలాళ్ళు చచ్చిపోతుంటాయి. కడుపులో పురుగులు, దారిలో దాహం, మనిషి చెయ్యి అంటే బెదురు, వీటన్నిటికీ తోడు మోస్తున్న గుడ్లు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు అడవిదాన్ని కొనవద్దంటారు.

గుడ్ల సంగతి ఇంకా సున్నితం. పదో ఇరవయ్యో, ఒక్కోసారి ముప్పై దాకా పెడుతుంది. కోడిగుడ్డులా గట్టి పెంకు ఉండదు, తోలులా మెత్తగా ఉండి మట్టిలోని తడిని పీల్చుకుంటాయి. లోపల పిండం ఒక వైపు అంటుకుని పెరుగుతుంది, గుడ్డును తిప్పితే పిండం చచ్చిపోవచ్చు. సూర్యలంక తీరంలో సముద్ర తాబేళ్ళ గుడ్లను ఎంత భద్రంగా చూస్తారో విన్నావుగా, అదే కారణం. అయితే ఆ తాబేలు పిల్లలు ఏడెనిమిది వారాల్లో బయటికి వస్తాయి, ఊసరవెల్లి గుడ్లు నెలల తరబడి మట్టిలోనే ఉంటాయి. మడగాస్కర్‌లో ఒక జాతి మరీ వింత. ఎనిమిది తొమ్మిది నెలలు గుడ్డులో ఉండి, బయటికొచ్చాక నాలుగైదు నెలలే బతుకుతుంది. నీ హాస్టలు గదిలో, పరీక్షల మధ్య, సెలవుల్లో గదికి తాళం పడితే, ఆ గుడ్లను అన్ని నెలలు ఎవరు చూస్తారు? తల్లి కూడా చూడదు. మట్టి చూసుకుంటుంది. పిల్లలు మొదటి రోజు నుంచే తమ పురుగును తామే పట్టుకుంటాయి.

చట్టం మాట కూడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఊసరవెల్లికి రక్షణ ఉంది. పట్టడం, ఇంట్లో ఉంచడం, అమ్మడం నేరం. ప్రేమతో ఉంచినా సరే.

మళ్ళీ కనబడితే మాత్రం ఇలా చెయ్యి. ఎత్తుకోకు, దూరంగా నిలబడి కుక్కల్ని అదిలించు. రోడ్డు మధ్యలో ఉంటే ముందు ఒక కర్ర పెట్టు, తనంతట తానే ఎక్కుతుంది. అది ఏ వైపు పోతోందో ఆ వైపే దించు, వెనక్కి కాదు. కొమ్మను పట్టుకున్నదాన్ని లాగితే కాలి వేళ్ళు దెబ్బతింటాయి. నెత్తురు కారుతున్నా, లేవలేకపోతున్నా అప్పుడే పెట్టె. గాలి ఆడే పెట్టెలో ఒక రెమ్మ పెట్టి, ఆకుల మీద నాలుగు చుక్కలు చిలకరించి, నీడన ఉంచి, వెంటనే అటవీశాఖ వాళ్ళకు కబురు చెయ్యి. నోట్లో నీళ్ళు పోయొద్దు. ఫోటోల కోసం స్నేహితుల్ని పోగు చెయ్యొద్దు.

గంపలో పోయినదాని తర్వాత చాలా ఏళ్ళకు, ఒక మధ్యాహ్నం జీడిమామిడి తోటలో తాతయ్యకు ఆ దృశ్యం దక్కింది. తల లోపలికి పోయేంత గుంట తవ్వింది. వెనక్కి తిరిగి దిగి, ముఖం మాత్రం పైకి పెట్టి, కళ్ళు సగం మూసి గంటల తరబడి కదలకుండా ఉంది. ఒక చీమ ముక్కు మీదుగా పాకినా నాలుక చాచలేదు. పొద్దు వాలే వేళకు బయటికొచ్చి ఇసుకను వెనక్కి లాగి, కాళ్ళతో అదిమి, మళ్ళీ లాగి, మళ్ళీ అదిమింది. పక్కలు లోపలికి పోయి ఎముకలు కనబడుతున్నాయి. ఊగుతూ ఊగుతూ మొదలు దాకా వెళ్ళి, ఎక్కడానికి మూడు సార్లు ఆగింది. అది వెళ్ళాక చూస్తే గుంట ఎక్కడో తాతయ్య కంటికే ఆనలేదు.

నువ్వు వదిలినది కూడా ఈపాటికి ఆ తోపులోనే ఎక్కడో కప్పిపెట్టి ఉంటుంది. వెతకొద్దు. సరుగుడు ఆకు పొయ్యిలోకి ఊడ్చుకోవడానికి వచ్చే ఆడవాళ్ళకు, తోపు కాపలా అతనికి మాత్రం ఒక మాట చెప్పు. ఆకు పైపైన ఊడ్చుకోవచ్చు, ఆ చుట్టుపక్కల పార పెట్టొద్దని. ఆదివారం వచ్చేటప్పుడు అట్టపెట్టె కూడా తీసుకురా, అమ్మమ్మ కండెలు పెట్టుకుంటుందట.

తాతయ్య