పరుగంటే వెనకడుగు వేసేవాళ్లను నడిపించడం ఎలా?



1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందికి ధమ్మదీక్ష ఇచ్చారు. అదే ఏడాది డిసెంబర్ 6న మనకు దూరమయ్యారు. మధ్యలో రెండు నెలలు కూడా లేవు. అప్పటికి ఆయన వయసు 65. చివరి ఏళ్లలో షుగర్ జబ్బు ఆయన్ను బాగా కుంగదీసింది. ఇవాళ అదే జబ్బు మన వాడల్లో చాలా ఇళ్లలో ఉంది. ఇంటి పెద్ద మంచాన పడితే పిల్లల చదువే ముందు ఆగుతుంది. అందుకే ఆరోగ్యం కూడా మన ఉద్యమ విషయమే.

ప్రసేనజిత్తు ఎలా మారాడు?

కోసల రాజు ప్రసేనజిత్తు ఒకరోజు మోతాదు మించి తిని, రొప్పుతూ బుద్ధుని దగ్గరికి వచ్చాడు. బుద్ధుడు తిట్టలేదు, వెక్కిరించలేదు. మితాహారం గురించి చిన్న గాథ ఒకటి చెప్పాడు. రాజు దాన్ని సుదస్సనుడనే యువకుడితో నేర్పించి, రోజూ భోజనం వేళ తన ముందు చదివించుకున్నాడు. మెల్లమెల్లగా తిండి తగ్గింది, ఒళ్లు తేలికపడింది.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. ఎదుటివాళ్ల ఒంటిని ఎగతాళి చెయ్యొద్దు. చెప్పేది పొట్టిగా చెప్పాలి. చెప్పి వదిలెయ్యకుండా రోజూ పక్కన ఒక మనిషి ఉండాలి.

వీణ తీగ

సోణుడనే భిక్షువు పాదాలు నెత్తురోడేదాకా చంక్రమణం చేశాడు. ఫలితం లేక విసిగిపోయాడు. తీగ మరీ బిగిస్తే వీణ పలకదు, మరీ వదులైనా పలకదని బుద్ధుడు ఆయనకు గుర్తుచేశాడు. మొదటి రోజే ఐదు కిలోమీటర్లు ఉరికి, మోకాళ్లు పట్టేసి, మూడో రోజు మానేసేవాళ్లకు ఇదే జవాబు. నడక వల్ల దూరప్రయాణానికి ఓపిక, శ్రమించే శక్తి, ఆరోగ్యం, జీర్ణశక్తి, నిలకడైన ఏకాగ్రత వస్తాయని బుద్ధుడు చెప్పాడు. కాబట్టి నడకతోనే మొదలుపెడదాం.

వాళ్లు అనే మాటలు, మనం చెప్పాల్సినవి

"పొద్దంతా కూలి చేస్తున్నాం, ఇంకా పరుగెందుకన్నా?" ఈ మాట నిజం. పొలంలో, ఇటుక బట్టీలో ఒళ్లు వంచేవాళ్లకు కావాల్సింది విశ్రాంతి, మంచి తిండి. కుర్చీలో, ఆటోలో, కుట్టు మిషన్ ముందు గంటలు గంటలు కూర్చునేవాళ్లను ముందు పిలవండి.

"ఆడోళ్లు రోడ్డు మీద ఉరికితే నవ్వుతారు." ఒక్కరు వెళితే నవ్వుతారు, పదిమంది వెళితే దారిస్తారు. మన తాతలు చెప్పులు చేత పట్టుకుని దాటాల్సి వచ్చిన వీధులున్నాయి. అలాంటి వీధిలో మన అక్క బూట్లు వేసుకుని పరుగెత్తడం చిన్న విషయమా?

"వయసైపోయింది." అయితే పరుగు వద్దు పెద్దమ్మా, మాతో మాట్లాడుతూ నడువు చాలు.

ఎలా మొదలుపెట్టాలి?

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు 30 నిమిషాలు, ఐదు రోజులు. మొదటి రెండు వారాలు నడక మాత్రమే. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగం చాలు. షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి. 30 ఏళ్లు దాటినవాళ్లు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో షుగర్, బీపీ చూపించుకోవాలి.

ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటొద్దు. పచ్చళ్లు, అప్పడాల్లోని ఉప్పూ అందులోదే. ఇక మద్యం సంగతి ఐదో శీలంలోనే ఉంది. పొద్దున నడిచి రాత్రి తాగితే ఆ నడక దేనికి?

ఈ వారం ఆచరణ

ఆదివారం వందన అయ్యాక ప్రతి ఒక్కరూ ఒక పేరు రాయండి: మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కదలడానికి ఇష్టపడని మనిషి పేరు. ఉపన్యాసం ఇవ్వకండి. సోమవారం పొద్దున్నే వాళ్ల గుమ్మం ముందు నిలబడి, "పది నిమిషాలు నాతో రా" అని పిలవండి. రాకపోతే మంగళవారం మళ్లీ పిలవండి.