లాటుకో ఆబ్జెక్టు, లెక్కకో ఫంక్షన్

ప్రశ్న: చివరి సంవత్సరం ప్రాజెక్టుగా కోలారు టమాటా మార్కెట్ కోసం నోడ్‌లో వెబ్ అప్లికేషన్ రాస్తున్నాం. ప్రతిదీ క్లాస్‌లోనే ఉండాలని మా సార్ అంటారు. బెంగళూరులో పనిచేసే మా అన్న క్లాసులెందుకు, మాడ్యూళ్లు చాలంటాడు. ఎవరి మాట వినాలి?
— ఒక విద్యార్థి, రాబర్ట్‌సన్‌పేట, కేజీఎఫ్

జవాబు: మీ సార్ చెప్పేలాంటి సలహా చాలాసార్లు జావా నుంచి వస్తుంది. ఆ భాషలో ఏళ్ల తరబడి చిన్న ఫంక్షన్ రాయాలన్నా ముందు ఒక క్లాస్ కట్టక తప్పేది కాదు. నోడ్‌లో మీరు రాసే జావాస్క్రిప్ట్‌లో ఆ నిర్బంధం లేదు. క్లాస్ అనే మాట, ఇంపోర్ట్ - ఎక్స్‌పోర్ట్‌లతో నడిచే మాడ్యూళ్లు రెండూ ఆ భాషలోకి 2015 నాటి ఒకే ప్రమాణంతో వచ్చాయి. కాబట్టి పాత పద్ధతి, కొత్త పద్ధతి అనే వాదన ఇక్కడ నిలవదు.

తేల్చుకోవాల్సింది మార్కెట్ యార్డును చూసే. కోలారు ఏపీఎంసీ దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. రైతుల సరుకు బాక్సుల్లో వస్తుంది, లాట్ల వారీగా వేలం పాట నడుస్తుంది. ఒక్కో లాటుకు దాని రైతు, దాని బాక్సుల సంఖ్య, అప్పటిదాకా వచ్చిన పెద్ద పాట ఉంటాయి. పక్క లాటు పాట పెరిగితే ఈ లాటుది పెరగకూడదు. పాట ముగిశాక ఎవరూ కొత్త ధర చెప్పకూడదు. ఇలా తన సంగతి తాను గుర్తుంచుకుని, తన నియమాన్ని తానే కాపాడుకోవాల్సినవి ఒకేసారి చాలా ఉన్నప్పుడు క్లాస్ కావాలి. పెద్ద పాటను ప్రైవేటు ఫీల్డులో దాచి, ధర చెప్పడానికి ఒకే ఒక్క మెథడ్ ఉంచితే, ముందున్నదానికంటే తక్కువ చెప్పిన ధరను అది అక్కడికక్కడే తిప్పికొడుతుంది.

బిల్లు లెక్క అలాంటిది కాదు. ఉదాహరణకు 40 బాక్సులు, బాక్సు 300 రూపాయలు అయితే 12,000. మినహాయింపులు పోను రైతు చేతికి ఎంతొస్తుందో చెప్పాలి. అంకెలు ఇస్తే జవాబు వస్తుంది, గుర్తుంచుకోవాల్సింది ఏమీ లేదు. దానికోసం ఒక క్లాస్ కట్టి, ఆబ్జెక్టు పుట్టించి, ఒక్క మెథడ్ పిలిచి వదిలేయడం దండగ. బిల్లు అనే మాడ్యూల్‌లో రెండు మూడు ఫంక్షన్లు రాసి ఎక్స్‌పోర్ట్ చేస్తే సరిపోతుంది. పైథాన్ ప్రోగ్రామర్ జాక్ డీడెరిక్ 2012 పైకాన్‌లో ఈ విషయం మీదే ప్రసంగించారు. రెండే మెథడ్లుండి, అందులో ఒకటి ఆబ్జెక్టును సిద్ధం చేసేదే అయితే, అది క్లాస్‌గా ఉండాల్సిన పని లేదన్నది ఆయన వాదన.

ప్రశ్న: మా సైటు ఒక్కరే వాడితే బాగానే ఉంటోంది. ఇద్దరు ఒకేసారి తెరిస్తే ఒక రైతు బిల్లులో మరొకరి పేరు వస్తోంది. క్లాసులు మానేసి మాడ్యూళ్లు వాడటమే తప్పా?
— ఒక పాఠకురాలు, ములబాగిలు

జవాబు: తప్పు మాడ్యూల్‌ది కాదు, ఫైలు మొదట్లో పెట్టిన వేరియబుల్‌ది అయివుండే అవకాశమే ఎక్కువ. నోడ్ ఒక మాడ్యూల్‌ను తొలిసారి ఇంపోర్ట్ చేసినప్పుడు ఒక్కసారే నడుపుతుంది. ఆ తర్వాత ఎన్ని ఫైళ్లు అడిగినా అదే ప్రతిని ఇస్తుంది. 'ప్రస్తుత రైతు' అనే వేరియబుల్ అక్కడ ఉందనుకుందాం. మొదటి రిక్వెస్ట్ అందులో పేరు రాసి, డేటాబేస్ జవాబు కోసం అవెయిట్ దగ్గర ఆగుతుంది. ఆ సందులో రెండో రిక్వెస్ట్ వచ్చి అదే చోట తన రైతు పేరు రాస్తుంది. మొదటిది మళ్లీ కదిలేసరికి పేరు మారిపోయి ఉంటుంది. అందుకే ఒక్కరే కూర్చుని పరీక్షిస్తే ఇది బయటపడదు. రైతుకు ఆ బిల్లే ఆధారం. ఇది సరిచేసేదాకా ఆ సైటును జనం చేతికి ఇవ్వకూడదు.

రైతు ఐడీని ప్రతి ఫంక్షన్‌కూ ఆర్గ్యుమెంట్‌గా పంపితే ఈ చిక్కు పోతుంది. క్లాస్‌లోకి మార్చినంత మాత్రాన పోదు. ఫైలు చివర ఒకే ఆబ్జెక్టు పుట్టించి దాన్ని ఎక్స్‌పోర్ట్ చేస్తే మళ్లీ అదే జబ్బు. అందరికీ ఉమ్మడిగా ఉండాల్సిన సెట్టింగులు, డేటాబేస్ కనెక్షన్ పూల్ వంటివి మాత్రం మాడ్యూల్ స్థాయిలో నిక్షేపంగా ఉండొచ్చు.

మెమరీలో ఏది ఉంచాలన్న జాగ్రత్త రాబర్ట్‌సన్‌పేట విద్యార్థికి కూడా వర్తిస్తుంది. సర్వర్ ఆగి మళ్లీ లేస్తే మెమరీలోని లాట్లన్నీ పోతాయి. రెండు ప్రాసెస్‌లు నడిస్తే దేని ప్రతి దానిదే. పాటలో చెప్పిన ధర ఎప్పటికప్పుడు డేటాబేస్‌లో పడాల్సిందే.

ప్రశ్న: రోజూ రైల్లో బెంగళూరు వెళ్లొస్తూ రియాక్ట్ నేర్చుకుంటున్నాను. ఇంటర్వ్యూలకు క్లాస్ కాంపొనెంట్లు చదవాలా?
— ఒక ఉద్యోగార్థి, బంగారుపేట

జవాబు: 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ బంగారు గనులు మూతపడ్డాక మారికుప్పం, బంగారుపేట రైళ్లే ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లకు బతుకుదారి. అందుకే అనవసరమైన చదువుతో ఆ ప్రయాణపు గంటలు పాడు కాకూడదు. 2019 ఫిబ్రవరిలో రియాక్ట్ 16.8తో హుక్స్ వచ్చాక, క్లాస్ కాంపొనెంట్లు చేసే పనులు చాలావరకు ఫంక్షన్లే చేయగలుగుతున్నాయి. కొత్త కోడు ఫంక్షన్లతోనే రాయాలి. అయినా పాత ప్రాజెక్టుల్లో క్లాసులు ఇంకా ఎదురవుతాయి, రియాక్ట్‌లో ఎర్రర్ బౌండరీ రాయాలంటే నేటికీ క్లాసే కావాలి. కాబట్టి వాటిని చదివి అర్థం చేసుకోగలిగితే చాలు. ముందుగా ఒక పాత క్లాస్ కాంపొనెంట్‌ను ఫంక్షన్‌గా తిరగరాసి, కాంపొనెంట్‌డిడ్‌మౌంట్, కాంపొనెంట్‌విల్‌అన్‌మౌంట్‌లు చేసే పని యూజ్‌ఎఫెక్ట్ అనే ఒకే హుక్‌లోకి ఎలా సర్దుకుంటుందో చూడాలి.