హైవుడ్ వనము ముందర మన రౌతులు

తంగళ్ళపల్లి

చిరంజీవి మనుమనికి తాత దీవించి వ్రాయునది.

మొదటి ప్రపంచయుద్ధమున అంతటి సేనలు నాలుగేండ్లు కందకములలో కదలక నిలిచిపోవుటకు సాహసలోపమే కారణమా యని అడిగితివి. కాదు నాయనా. శత్రువును నిలువరించు యంత్రములు ముందుగా వచ్చినవి. దాడిచేయువానిని ముందుకు నడిపించు యంత్రములు వెనుకబడినవి.

పశువుల కంచెలకై పుట్టిన ముండ్లతీగయు, 1884లో మాక్సిమ్ నిర్మించిన, నిమిషమునకు సుమారు 600 గుండ్లు వెడలగ్రక్కు మరతుపాకియు కందకము ముందర నిలిచిన పిమ్మట, 1916 జూలై 1న సోమ్ నదీప్రాంతమున ఒక్కదినముననే 19,240 మంది బ్రిటిషు సైనికులు మడిసిరి. వరుసదీరి నడచుచునే కూలిన వారిని పిఱికివారనుటకు నోరెట్లాడును?

మన మానేటి ఇసుకలో దిగిన ఎడ్లబండికిని, బాటమీది బండికిని గల భేదము నీవెరుగుదువు. కందకమును కాచువానికి వెనుకనుండి రైలుబండి సహాయసేనను దింపుచుండగా, దానిని గెలిచినవాడు తన ఫిరంగులే గుంతలు చేసిన నేలపై కాలినడకన సాగవలెను. టెలిఫోను తీగలు తెగిపోవుటచే అతని గెలుపువార్తయైనను సేనానికి సకాలమున చేరదు.

ఇందుకు మన రౌతుల కథయే సాక్ష్యము. నిజాము సైన్యమునుండి పుట్టిన 20వ డెక్కన్ హార్సు అను గుఱ్ఱపుదళము, సికింద్రాబాదు అశ్వికదళ బ్రిగేడుతో 1914లోనే ఫ్రాన్సు చేరి, కందకములవరుస ఎక్కడ తెగునా యని ఎదురుచూచుచుండెను. 1916 జూలై 14 వేకువను పదాతులు శత్రువుల రెండవ వరుసను గెలుచుకొనిరి. ఎదుట హైవుడ్ అను చిన్న వనము. ఆ ఉదయమున అది ఇంచుమించు నిర్జనము. అప్పుడే అందుకొనవలసినది! కాని ఆజ్ఞలు నడచి, ఆ గుంతల నేల దాటి రౌతులు వచ్చుసరికి పొద్దు వాలెను. డెక్కన్ హార్సు, 7వ డ్రాగూన్ గార్డ్స్ దళముల రౌతులు బల్లెములెత్తి పంటచేలగుండ దుమికి, పైరులో దాగిన శత్రువులను కొందరిని పొడిచి, కొందరిని పట్టుకొనిరి. ఈలోగా వనములోనికి శత్రుసేన మరల వచ్చియుండెను. రౌతులు గుఱ్ఱములు దిగి రాత్రి ఆ నేలను కాచి, తెల్లవారకమునుపే వెనుకకు పిలువబడిరి.

ఆ వనము చేజిక్కుటకు మరి రెండు మాసములు పట్టెను. సెప్టెంబరు 15న అది లొంగినది. టాంకులు యుద్ధభూమిపై మొట్టమొదట కదలినదియు ఆనాడే. ఆ డెక్కన్ హార్సే తరువాత గుఱ్ఱములు విడిచి టాంకులెక్కి, 1965 భారత-పాకిస్తాను యుద్ధములో ఖేమ్‌కరణ్ ప్రాంతమున పోరాడెను.

సెలవులకు వచ్చునప్పుడు ఫ్రాన్సు పటమొకటి తెమ్ము. సోమ్ నది ఎక్కడ వంపుతిరుగునో చూతము.

ఇట్లు,
నీ తాత