సన్నగా ఉన్నవారికీ షుగర్ ఎందుకు?



"మేం సన్నగానే ఉన్నాం కదా, మాకు షుగర్ ఎందుకొస్తుంది?" జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ మనం తరచూ వినే మాట ఇది. దీనికి జవాబు చాలావరకు మన కొవ్వు కణాల్లోనే ఉంది.

కొవ్వు ఒంటికి శత్రువు కాదు. తిన్నదాంట్లో మిగిలింది దాచుకునే చోటు అది. మన దగ్గర మిర్చి బాగా పండిన ఏడాదిని తలచుకోండి. కొత్త కోల్డ్ స్టోరేజీ కడితే బస్తాలు భద్రం. లేకుంటే ఉన్నవాటిలోనే కుక్కుతాం. అవీ నిండితే బస్తాలు వసారాలోకి, చివరికి నట్టింట్లోకి వస్తాయి.

చర్మం కింది కొవ్వు సంగతీ అంతే. అక్కడ కొత్త కణాలు తయారైతే మిగులు కొవ్వు క్షేమంగా ఒదుగుతుంది. తయారు కాకపోతే పాత కణాలే ఉబ్బుతాయి. వాటిలో పట్టని కొవ్వు కాలేయంలోకి, కండరాల్లోకి, పొట్టలోని అవయవాల చుట్టూ చేరుతుంది. అప్పుడు ఇన్సులిన్ ఉన్నా అది సరిగా పనిచేయదు. దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు. క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి, చేసి, అలసిపోయినప్పుడు టైప్ 2 షుగర్ బయటపడుతుంది. లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బులో కొవ్వు కణాలు దాదాపు ఉండవు. మనిషి బక్కగా ఉన్నా తీవ్రమైన షుగర్ వస్తుంది.

పుణె వైద్యుడు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ పత్రికలో తన ఫొటోను, బ్రిటిష్ వైద్యుడు జాన్ యుడ్కిన్ ఫొటోను పక్కపక్కన వేశారు. ఎత్తుకు తగ్గ బరువును చూపే బీఎంఐ ఇద్దరికీ 22.3 మాత్రమే. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పుణెలో పుట్టిన బిడ్డల్లోనూ ఆయన ఇదే చూశారు. బరువు తక్కువ, కండ తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే ఈ కథ తల్లి కడుపులోనే మొదలవుతోంది.

మరి అక్కడే సరిదిద్దగలమా? హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో 1987-90 మధ్య గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు. ఆ పిల్లలు 13-18 ఏళ్లకు వచ్చాక, ఆహారం అందని పల్లెల పిల్లలతో పోల్చారు. ఒంటి కొవ్వు రెండు వైపులా దాదాపు సమానమే. ఇన్సులిన్ నిరోధకత మాత్రం ఆహారం అందినవారిలో 20 శాతం తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దీన్ని ప్రచురించింది.

అందుకే మా మనవి. షుగర్ పరీక్షల శిబిరాలకు మీరిచ్చే సాయం ఎంతో విలువైనది. దానితోపాటు పేద గర్భిణి ఇంటికి నెలనెలా పప్పు, గుడ్లు, పాలు చేరేలా కూడా మీ జకాత్, సదఖాల్లో కొంత కేటాయించండి. మీ నడుము కూడా ఒకసారి కొలుచుకోండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే, చూడ్డానికి సన్నగా ఉన్నా పరగడుపున రక్తపరీక్ష చేయించుకోండి.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.